రిటైరయ్యే కార్పొరేషన్ వాళ్ళకి కాలనీలో సన్మానం: అందరూ అడిగే ప్రశ్నలు, మాకు తెలిసిన జవాబులు

బెంగళూరు దక్షిణం వైపు మా లేఅవుట్‌లో తెలుగువాళ్ళం ఓ పదిహేను ఇళ్ళ వాళ్ళం కలిసి కొన్నేళ్ళుగా ఒక పని చేస్తున్నాం. మా వీధుల్లో పనిచేసి రిటైరయ్యే ఊరి ఉద్యోగులకి, అంటే చీపురు పట్టేవాళ్ళ దగ్గర్నుంచి నీళ్ళు వదిలే ఆయన దాకా, చిన్న సన్మానం పెడుతున్నాం. పక్క లేఅవుట్ల వాళ్ళు ఫోన్ చేసి ఇదెలా చేస్తారు, అదెలా చేస్తారు అని అడిగిందే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ ఒకేసారి రాసి పడేస్తున్నా. మేం చేసిన తప్పులు కూడా రాశాను, చదివి నవ్వుకోండి, కానీ మళ్ళీ అవే చెయ్యకండి.

అసలు ఎవరికి చెయ్యాలి? ఆఫీసర్లకేనా?

ఆఫీసర్లకి వాళ్ళ ఆఫీసులోనే బీళ్కొడుగె సమారంభ అని ఘనంగా చేస్తారండీ, పూలు, ఫోటోలు, వీడ్కోలు ప్రసంగాలు అన్నీ ఉంటాయి. మనం చూడాల్సింది ఆఫీసులో కుర్చీ లేనివాళ్ళని. వీధి ఊడ్చే పౌరకార్మికులు, వాళ్ళ మేస్త్రి, వాటర్ బోర్డ్ వాల్వ్ మ్యాన్, పార్కు తోటమాలి, కార్పొరేషన్ ఆసుపత్రి ఆయమ్మ, కార్పొరేషన్ స్కూల్ టీచర్, రోడ్డు గుంతలు పూడ్చే గ్యాంగ్‌మన్, ఇట్లాంటి వాళ్ళు. ముప్పై ఏళ్ళు మన గేటు ముందు నుంచి పోతారు, మనకి పేరు తెలీదు, "ఏయ్ నీళ్ళాయనా" అని పిలుస్తాం. ముందు ఆ పేరు తెలుసుకోండి, సగం పని అయిపోయినట్టే.

బస్సు డ్రైవర్లు కూడా ఇందులోకి వస్తారా?

సిటీ బస్సులు నడిపే బీఎంటీసీ వేరే సంస్థ, ఊరి కార్పొరేషన్ కాదు, అయినా ఈ ఊరి కోసమే పనిచేస్తారు కదా, చేస్తే తప్పేముంది. వాళ్ళకి ఇంట్లో దాచుకున్న పతకాలుంటాయి, అడిగి చూడండి. యాక్సిడెంట్ లేకుండా 5 ఏళ్ళు నడిపితే వెండి పతకం, 15 ఏళ్ళు నడిపితే బంగారు పతకం ఇచ్చే పద్ధతి ఉంది. బెంగళూరు ట్రాఫిక్‌లో 15 ఏళ్ళు ఎవర్నీ గుద్దకుండా బస్సు తోలడం అంటే నా దృష్టిలో అదొక తపస్సు. నేను సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర స్కూటీ మీద పది నిమిషాలు కూడా నోరు జారకుండా ఉండలేను.

బీబీఎంపీ ఇప్పుడు లేదు అంటున్నారు, మరి లెటర్ ఎవరికి రాయాలి?

ఇది ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నారు. 2007లో పాత మహానగర పాలికెకి, అంటే అప్పటి ఊరి కార్పొరేషన్‌కి, చుట్టుపక్కల 7 నగరసభలు, 1 పురసభ, 110 పల్లెలు కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె, అంటే బీబీఎంపీ చేశారు. ఇప్పుడు దాని బదులు గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది, దాని కింద 2025 సెప్టెంబర్ నుంచి సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని అయిదు కార్పొరేషన్లు. మీ వీధి ఏ కార్పొరేషన్ కిందకి వచ్చిందో ముందు చూసుకోండి. అలవాటు కొద్దీ అందరం బీబీఎంపీ అనే అంటాం, నోటితో అంటే పర్లేదు కానీ సన్మాన పత్రం మీద మాత్రం ఆ ఉద్యోగి సర్వీస్ పుస్తకంలో ఏముందో అదే రాయాలి. ముప్పై ఐదేళ్ళ సర్వీస్ ఉన్నాయన మహానగర పాలికెలో చేరాడు, బీబీఎంపీలో నడిచాడు, కొత్త కార్పొరేషన్‌లో రిటైరయ్యాడు, ఆయన కుర్చీ కదల్లేదు గానీ బోర్డు రెండుసార్లు మారింది. ఆ మూడు పేర్లూ వరసగా రాయండి, చదువుతుంటే ఊరి చరిత్ర కూడా వినిపిస్తుంది.

వాటర్ బోర్డ్ మాత్రం వేరు, అది 1964 నుంచి విడిగా ఉంది. వాల్వ్ మ్యాన్ గురించి అడగడానికి కార్పొరేషన్ వార్డ్ ఆఫీసుకి పోతే తిప్పి పంపిస్తారు, మమ్మల్ని పంపించారు.

ఎప్పుడు రిటైరవుతారో మనకెలా తెలుస్తుంది?

వాళ్ళనే అడగండి, సిగ్గేం లేదు. పర్మనెంట్ ఉద్యోగులకి కర్ణాటకలో 60 ఏళ్ళు, ఆ నెల ఆఖరి రోజున రిటైర్మెంట్. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళయితే ముందు నెల ఆఖరికే. ఇక్కడో తమాషా ఉంది. మన పెద్దవాళ్ళ తరంలో చాలామందికి పుట్టిన తేదీ ఇంట్లో తెలీదు, బళ్ళో చేర్చేటప్పుడు మేష్టారు జూన్ ఒకటి అని వేసేసేవారు, అందుకే మే 31 వచ్చిందంటే ఒకేసారి బోలెడంతమంది దిగిపోతారు. మా లిస్టులో ఒకే మే నెలలో ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ అసలు పుట్టింది ఏ నెలో తెలీదు, ఒకాయన మాత్రం "శనక్కాయలు పెరికే కాలంలో అని మా అవ్వ చెప్పేది" అన్నాడు. అట్లా చూస్తే ఆయనకి ఇంకో అయిదు నెలలు సర్వీస్ ఉండాలి!

ఏ రోజు, ఎన్ని గంటలకి పెడితే బాగుంటుంది?

కొంతమంది పెద్ద రోజులు చూసుకుంటారు. సెప్టెంబర్ 23 కర్ణాటకలో పౌరకార్మికుల దినం. ఏప్రిల్ 21 సివిల్ సర్వీసెస్ డే, 1947లో పటేల్ గారు ఢిల్లీ మెట్‌కాఫ్ హౌస్‌లో కొత్త ఐఏఎస్ ప్రొబేషనర్లతో మాట్లాడిన రోజని అది పెట్టుకున్నారు. జూన్ 27 బెంగళూరు కట్టించిన కెంపేగౌడ జయంతి. ఇంజనీర్లకయితే సెప్టెంబర్ 15, విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు, ఆయన పూర్వీకులది మన ఆంధ్రాలోని మోక్షగుండం కాబట్టి మనవాళ్ళకి ఆ రోజంటే కాస్త ఎక్కువ ముచ్చట.

కానీ నా మాట వినండి, ఆ పెద్ద రోజుల్లో వాళ్ళకి వాళ్ళ డిపార్ట్‌మెంట్ కార్యక్రమాలే ఉంటాయి, ఎండలో లైన్లో నిలబెట్టి ఉంటారు. మనం కూడా అదే రోజు పిలిస్తే వాళ్ళకి డబల్ డ్యూటీ. ఊడ్చేవాళ్ళకి పొద్దున్న ఆరున్నరకల్లా మస్టరింగ్, అంటే హాజరు, దానికి ఇంట్లోంచి తెల్లారక ముందే బయల్దేరతారు. సాయంత్రం ఏడింటికి ప్రోగ్రాం పెట్టి, తొమ్మిదింటికి మొదలుపెట్టి, పదకొండుకి వదిలితే వాళ్ళు ఇల్లు చేరి పడుకునేదెప్పుడు, లేచేదెప్పుడు? ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు, అంతకి మించి వద్దు. ఇది మాకు మొదటి ఏడాదే అర్థమైంది, ఎలాగో కింద చీఫ్ గెస్ట్ ప్రశ్న దగ్గర చెప్తా.

ప్రభుత్వ ఉద్యోగికి బయటివాళ్ళు సన్మానం చెయ్యచ్చా? రూల్స్ ఒప్పుకుంటాయా?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమావళి 1964లో 14వ రూల్ దీని గురించే. అనుమతి లేకుండా తన గౌరవార్థం పెట్టే సభకి పోకూడదు, అభినందన పత్రం తీసుకోకూడదు అని ఉంది, కానీ రిటైరయ్యేటప్పుడో ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడో మనవాళ్ళ మధ్య సాదాసీదాగా చేసుకునే వీడ్కోలుకి మినహాయింపు ఇచ్చారు. చందా కోసం ఏ ఉద్యోగినీ ఒత్తిడి చెయ్యకూడదు అని కూడా ఉంది. రాష్ట్రాల రూల్స్ ధోరణి కూడా ఇంచుమించు ఇదే. అందుకని మేం చేసేదేంటంటే, సర్వీస్‌లో ఉండగా అయితే వాళ్ళ పై ఆఫీసర్‌కి ఒక లెటర్ ఇచ్చి సంతకం తెచ్చుకుంటాం, లేదంటే రిటైరయిన తర్వాత వచ్చే ఆదివారం పెట్టేస్తాం. రెండోది హాయి.

బంగారం, ఫ్రిజ్, టీవీ లాంటివి సర్వీస్‌లో ఉన్నవాళ్ళకి ఇవ్వద్దు. మీరు ప్రేమతో ఇచ్చినా రేపు ఎవడో ఒకడు కంప్లైంట్ రాస్తాడు, ఆఖరి నెలలో ఎంక్వయిరీ వస్తే పెన్షన్ కాగితాలు అక్కడే ఆగిపోతాయి.

శాలువా, మైసూర్ పేట (తలపాగా), హారం, పళ్ళ బుట్ట, ఇవన్నీ తప్పనిసరా?

బెంగళూరులో సన్మానం అంటే ఈ సెట్టు ఉండాల్సిందే అన్నట్టు అయిపోయింది. 2021 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వమే తన కార్యక్రమాల్లో బొకేలు, హారాలు, శాలువాలు, పళ్ళ బుట్టలు వద్దు, కావాలంటే కన్నడ పుస్తకాలివ్వండి అని ఆర్డర్ వేసింది. మన ప్రైవేటు సభకి ఆ ఆర్డర్ వర్తించదు గానీ, ఆలోచన మంచిదే. ఒక్కొక్కళ్ళ ఇంట్లో చూశాను, అట్టపెట్టెలో పది శాలువాలు మడతపెట్టి ఉంటాయి, చలికి పనికిరావు, కప్పుకుని బయటికి పోవడానికి పనికిరావు.

పేట మాత్రం నేను ఉంచుతా. ఎందుకంటే మహారాజులకీ, దివాన్లకీ, పెద్ద పెద్ద కవులకీ పెట్టే పేట తోటమాలి తల మీద పెడితే ఆ ఇంటి పిల్లలు ఫోన్‌లో ఫోటో తీసుకునేటప్పుడు మొహాలు చూడాలి. కానీ సైజు చూసుకోండమ్మా! రెడీమేడ్ పేట తెచ్చి మా గ్యాంగ్‌మన్ అన్న తలమీద పెడితే కళ్ళ మీదకి జారి ముక్కు దగ్గర ఆగింది. సభంతా నవ్వు. ఆయన కూడా నవ్వాడు కానీ ఆ ఫోటో మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. అప్పట్నుంచి ముందురోజే ఇంటికెళ్ళి టేపుతో తల కొలుచుకొస్తున్నాం.

ఇంక ఇచ్చే వస్తువు వాళ్ళనే అడగండి. "ఏం కావాలి?" అని అడిగితే "ఏమొద్దు" అంటారు, అది మర్యాద కోసం అనే మాట, నమ్మద్దు. కోడల్నో కొడుకునో పక్కకి పిలిచి అడగండి. మిక్సీ, మోకాళ్ళకి పట్టీ, మంచి చెప్పులు, మనవరాలి కాలేజీ బ్యాగు, ఇట్లా వచ్చాయి మాకు జవాబులు.

చందా ఎంత వెయ్యాలి?

ఇంటికి ఇంత అని ఫిక్స్ చెయ్యకండి. డబ్బా పెట్టండి, ఇచ్చింది ఇచ్చినంత. లెక్క నోటీస్ బోర్డ్‌లో అంటించండి. అంతే.

ఏ భాషలో నడపాలి? ఇది కన్నడ రాష్ట్రం కదా?

స్టేజి మీద కన్నడ ఉండాలి, అందులో రెండో మాట లేదు, సన్మాన పత్రం కూడా ముందు కన్నడలోనే. కానీ ఒకసారి కిందకి దిగి వాళ్ళతో మాట్లాడి చూడండి. బెంగళూరు పౌరకార్మికుల్లో ఎంతోమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ తాతలు, అవ్వలు అనంతపురం, చిత్తూరు, కోలార్ వైపు నుంచి కరువుకో కూలికో వచ్చి ఈ ఊరి చీపురు పట్టారు, ఎక్కువ భాగం దళిత కుటుంబాలు, ఎక్కువ భాగం ఆడవాళ్ళు. మనం ఐటీ వాళ్ళం ఏదో 2000 తర్వాత వచ్చి బెంగళూరు తెలుగువాళ్ళం మేమే అనుకుంటాం, వాళ్ళు మనకంటే రెండు మూడు తరాల ముందు వచ్చారు. నేను మొదట్లో మా వీధి ఊడ్చే అమ్మతో రెండేళ్ళు వచ్చీరాని కన్నడలో మాట్లాడా, ఒకరోజు ఆవిడ ఫోన్‌లో "యాడికి పోతివిరా అన్నం తినకుండా" అని కొడుకుని అరుస్తుంటే నాకు మా పెనుకొండ గుర్తొచ్చి చీపురు పక్కనే కూర్చుండిపోయా. ఆవిడకి నేను తెలుగని ముందే తెలుసట! "మీరు కన్నడం నేర్చుకుంటావుండారు గదా సామీ, ఎందుకు చెడగొట్టాలని" అంది.

సన్మాన పత్రంలో ఏం రాయాలి?

ఇదే అసలు విషయం, మిగతావన్నీ అలంకారాలు. బజార్లో దొరికే రెడీమేడ్ పత్రంలో "నిస్వార్థ సేవ, అంకిత భావం, కర్తవ్య నిష్ఠ" అని ఉంటుంది, పేరు మార్చి ఎవరికైనా ఇవ్వచ్చు. అట్లాంటిది వద్దు. ఆ మనిషి ఏం పని చేశారో రాయండి. దాని కోసం ఒక సాయంత్రం వాళ్ళతో కూర్చోవాలి, టీ తాగుతూ వినాలి.

మా వాల్వ్ మ్యాన్ అన్న సంగతి చెప్తా. బెంగళూరుకి కావేరి నీళ్ళు ఎట్లా వస్తాయో మనలో ఎంతమందికి తెలుసు? మళవళ్ళి పక్కన తొరెకాడనహళ్ళిలో శుద్ధి చేసి, హారోహళ్ళి దగ్గర ఒకసారి, తాతగుణి దగ్గర ఒకసారి మళ్ళీ పంపు చేసి, దాదాపు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకి ఎక్కించి తెస్తారు. 1974లో మొదటి దశ, 2024 అక్టోబర్‌లో అయిదో దశ, ఆ అయిదో దశ రోజుకి 775 మిలియన్ లీటర్లు, ఆ 110 పల్లెల కోసం. ఇంత పెద్ద ఏర్పాటంతా ఆఖరికి మన వీధి మూలలో ఇనప మూత కింద ఉన్న ఒక వాల్వ్ దగ్గరికి వచ్చి ఆగుతుంది, దాన్ని ఎప్పుడు ఎంత తిప్పాలో తెలిసినవాడు ఒక్కడే.

ఆయన దగ్గర టీ ఆకారంలో మనిషి నడుమెత్తు ఇనప రాడ్డు ఒకటి, స్కూటర్ పక్కన కట్టుకుని తిరుగుతాడు. మూత తీసి రాడ్డు దింపి తిప్పేటప్పుడు చెవి దానికి ఆనిస్తాడు. ఎందుకన్నా అంటే "నీళ్ళు పరిగెత్తే శబ్దం ఒకటి, గాలి పోయే శబ్దం ఒకటి, గాలి ఉంటే మీ మీటర్ తిరుగుతాది, నీళ్ళు రావు, మీరు నన్ను తిడతారు" అన్నాడు. ఆయన జేబులో చిన్న డైరీ, అందులో పెన్సిల్‌తో వీధులు, వాల్వులు, ఏది ఎన్ని చుట్లు, ఏది తుప్పు పట్టి సగమే తిరుగుతుంది, ఏ ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంది సంపు నిండేదాకా కట్టకూడదు, అన్నీ ఉన్నాయి. మా ఊళ్ళో చెరువు నీళ్ళు పొలాలకి పంచే ఆయన్ని నీరుగట్టి అంటాం, ఈయన అచ్చం మా లేఅవుట్‌కి నీరుగట్టి. మేం పత్రంలో ఇదంతా రాశాం, "17 వాల్వులు, 31 ఏళ్ళు" అని పెద్దక్షరాల్లో వేశాం. చదువుతున్నప్పుడు కింద కూర్చున్న మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టారు, అది నేను మొదటిసారి చూశా.

ఆ డైరీ ఏమైంది అని తర్వాత చాలామంది అడిగారు. కొత్తగా వచ్చిన అబ్బాయికి ఇచ్చాడు, ఇచ్చే ముందు మేం ఫోటోకాపీ తీయించి అసోసియేషన్ బీరువాలో పెట్టాం.

పేరు, వివరాలు ఎవర్ని అడిగి రాయాలి?

సర్వీస్ పుస్తకం లేదా పే స్లిప్ చూసి రాయండి. ఒకసారి ఒక అక్క పేరు పత్రంలో తప్పు పడింది, ప్రింటింగ్ వాడు ఒకటి అనుకున్నాడు, మేం చూసుకోలేదు, స్టేజి మీద ఇచ్చేశాక ఆవిడ కూతురు మెల్లగా వచ్చి "అన్నా ఇది మా అమ్మ పేరు కాదు" అంది. నాకు భూమిలోకి పోయినట్టయింది. మళ్ళీ కొట్టించి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాం కానీ స్టేజి మీద చదివింది ఇంకెవరి పేరో కదా. ఇప్పుడు పత్రం ప్రూఫ్ వాళ్ళ ఇంట్లో చదువుకున్న పిల్లలకి వాట్సాప్‌లో పంపి ఓకే అన్నాకే ప్రింట్.

చీఫ్ గెస్ట్ ఎవరైతే బాగుంటుంది?

మొదటి ఏడాది ఒక పెద్దమనిషిని పిలిచాం. రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు, వచ్చి ఊరి అభివృద్ధి గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు, సన్మానం అందుకోవాల్సిన అమ్మ అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని ఉంది, మొత్తం కూర్చోలేదు, ఎవరో లేపుతారేమో అన్నట్టు. తెల్లారి ఆవిడ మస్టరింగ్‌కి పోవాలి, ఇంకా వారం రోజుల సర్వీస్ ఉంది. అన్నిటికంటే నాకు మిగిలిపోయింది ఆఖర్లో జరిగింది. ఫోటోలయ్యాక హారం తీసి సంచిలో పెట్టుకుని, కింద పడ్డ పూల రేకులు చూసి, మూలనున్న చీపురు తీసి ఊడ్వడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, అలవాటు. చీపురు లాక్కోవడానికి నేను పోతే "ఉండనీ సామీ, మీకు ఊడ్చడం రాదు" అంది. నిజమే, రాదు.

ఆ తర్వాత మా రూల్ ఒకటే, చీఫ్ గెస్ట్ అంటే అదే డిపార్ట్‌మెంట్‌లో ముందు రిటైరయినవాళ్ళు. వాళ్ళు టైముకొస్తారు, పని గురించే మాట్లాడతారు. హాలు ఊడ్చే బాధ్యత అసోసియేషన్ కుర్రాళ్ళది, పేర్లు ముందే రాసి పెడతాం.

ఫ్లెక్స్ కట్టచ్చా?

వద్దండీ. 2018లో హైకోర్టు కోప్పడ్డాక ఊరంతా ఫ్లెక్సులు పీకించారు. కార్పొరేషన్ ఉద్యోగికి సన్మానం అని ఫ్లెక్స్ కడితే దాన్ని పీకాల్సి వచ్చేది ఎవరు? వాళ్ళ తోటి ఉద్యోగులే. గుడ్డ మీద పెయింట్‌తో రాయించండి.

భోజనం?

అందరూ ఒకే వరుసలో, ఒకే ఆకులో, కూర్చుని. ప్యాకెట్ చేతిలో పెట్టి పంపడం వద్దు. ఇంకా వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా, ఎందుకంటున్నానో అందరికీ తెలుసు.

కాంట్రాక్ట్ వాళ్ళకి రిటైర్మెంటే ఉండదు కదా, వాళ్ళని ఎట్లా లెక్కలోకి తీసుకోవాలి?

ఇక్కడే చాలా అసోసియేషన్లు తప్పు చేస్తున్నాయి. ఊరు ఊడ్చినవాళ్ళలో చాలా ఏళ్ళు ఎక్కువమంది కాంట్రాక్టర్ కిందే పనిచేశారు. 2018లో నేరుగా కార్పొరేషన్ నుంచి జీతం రావడం మొదలైంది, 2022 జులైలో పర్మనెంట్ చెయ్యాలని సమ్మె చేశారు, 2025 మే 1న 12,692 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. కానీ ఇరవై ఏళ్ళు ఊడ్చిన మనిషికి యాభై ఏడో ఏట పర్మనెంట్ కాగితం వస్తే సర్వీస్ లెక్క మూడేళ్ళే అవుతుంది కదా. చెత్త ఆటోల మీద పనిచేసేవాళ్ళ సంగతి ఇంకా వేరు, వాళ్ళకి ఇంత వయసు, ఇంత తేదీ అని ఏమీ ఉండదు, మోకాళ్ళు పనిచెయ్యకపోతే ఆ రోజే రిటైర్మెంట్.

అందుకే మేం కాగితం మీద సర్వీస్ చూడం. మా వీధికి ఎప్పట్నుంచి వస్తున్నారో వీధిలో పాతవాళ్ళని అడిగి ఆ ఏళ్ళు రాస్తాం.

జీతం, గ్లౌజులు, టాయిలెట్ సరిగ్గా ఉండవు, ఈ శాలువాల సన్మానం ఎందుకు, నాటకం కాదా?

ఈ ప్రశ్న కోపంగా అడిగినాయన మా సభలోనే అడిగాడు, నాకు నచ్చింది. పాతికేళ్ళ వెనక కాదు, 1970ల్లోనే ఊడ్చేవాళ్ళ పరిస్థితి చూడ్డానికి వేసిన సాలప్ప కమిటీ 500 మంది జనాభాకి ఒక పౌరకార్మికుడు ఉండాలని చెప్పింది, మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. సన్మానం చేసి చేతులు దులుపుకుంటే నాటకమే. మేం దీనికి ఒక షరతు పెట్టుకున్నాం. ఏ ఏడాది సన్మానం చేస్తామో ఆ ఏడాది వాళ్ళకి ఒక పని చేసిపెట్టాలి. ఒక ఏడాది పార్కు పక్క గదిలో ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి, టాయిలెట్‌కి తాళం చెవి ఇచ్చాం. తాళం చెవి అంతే, కానీ దానికి మీటింగ్‌లో నాలుగు గంటలు కొట్లాట. "వాళ్ళకి ఎందుకు" అన్నవాళ్ళు మరుసటి నెల సన్మానం ఫోటోలో మొదటి వరసలో ఉన్నారు, అది వేరే సంగతి.

పని సరిగ్గా చెయ్యని వాళ్ళకి కూడా చెయ్యాలా? డబ్బులు అడిగేవాళ్ళు ఉంటారు కదా?

చెయ్యక్కర్లేదు. రిటైరయ్యారు కాబట్టి అందరికీ దండ అంటే దండకి విలువ ఉండదు. మేం వీధిలో పది ఇళ్ళు అడుగుతాం, అందులో ఇస్త్రీ బండి ఆయన, కూరగాయలమ్మ, వాచ్‌మన్ తప్పకుండా ఉండాలి. వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు. పండగ మామూలు అడిగాడని ఒకాయన్ని కొందరు వద్దన్నారు. నేను ఒప్పుకోలేదు, దీపావళికి యాభై రూపాయలు అడగడం, ఇంటి ఖాతా, అంటే కార్పొరేషన్‌లో ఆస్తి రికార్డు, మార్చడానికి వేలు అడగడం ఒకటి కాదు.

పేరు వీధికో పార్కుకో పెట్టించచ్చా?

పెద్దవాళ్ళకి ఊరు పెట్టింది. టౌన్ హాల్ పుట్టణ్ణ చెట్టి గారి పేరు, ఆయన ఊరి మునిసిపాలిటీ ప్రెసిడెంట్‌గా చేశారు. లాల్‌బాగ్‌ని తీర్చిదిద్దిన జర్మన్ క్రుంబిగల్ పేరు మీద రోడ్డు ఉంది. జయనగర్‌లో లక్ష్మణరావు బులెవార్డ్ కార్పొరేషన్ కమిషనర్‌గా చేసిన ఆయన పేరు. 1980ల్లో ఊళ్ళో 15 లక్షల చెట్లు నాటించిన అటవీ అధికారి నేగిన్‌హాళ్ గారి పేరు మాత్రం నీడన నడిచేవాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే. వీధి పేరు పెట్టించాలంటే కార్పొరేషన్ తీర్మానం కావాలి, పెద్ద తతంగం. మేం సులువైంది చేశాం, మా తోటమాలి నాటిన హొంగె చెట్టుకి, అదే మన కానుగ, చిన్న రేకు మీద ఆయన పేరు, నాటిన ఏడాది రాసి తాడుతో కట్టాం. మేకు కొట్టద్దని ఆయనే చెప్పాడు.

సన్మానం అయిపోయాక ఇంకేమన్నా చెయ్యాలా?

కాగితాల్లో సాయం చెయ్యండి, శాలువా కంటే వెయ్యి రెట్లు నయం. కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాళ్ళు ఎన్‌పీఎస్, అంటే కొత్త పెన్షన్ కింద ఉంటారు, అంతకుముందు వాళ్ళు పాత పెన్షన్, ఎవరు దేంట్లో ఉన్నారో చాలామందికే తెలీదు. పెన్షన్ వచ్చేవాళ్ళు ఏటా నవంబర్‌లో బతికున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇప్పుడు ఫోన్‌లోనే మొహం చూపించి ఇవ్వచ్చు. మా కుర్రాళ్ళు నవంబర్ మొదటి ఆదివారం ల్యాప్‌టాప్ పెట్టుకుని గుడి అరుగు మీద కూర్చుంటారు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉన్న కేసులే ఎక్కువ.

వాళ్ళు సన్మానం వద్దంటే?

బలవంతం చెయ్యద్దు. మాకు ఒక్కసారే అయింది. మా చెత్త ఆటో వెనక హెల్పర్‌గా చాలా ఏళ్ళు చేసిన ఆయమ్మ మోకాళ్ళు పోయి మానేస్తున్నా అంది. సన్మానం చేస్తాం రామ్మా అంటే "నాకెందుకు సామీ కుర్చీలు, దండలు, నేను రాను" అని తెగేసి చెప్పింది. మరి ఏం చెయ్యమంటావు అంటే కాసేపు ఆలోచించి "నా ఆఖరి దినం ఒక్కటి అందరూ కసువు ఏరుపెట్టి ఇయ్యండి, తడిది తడి, పొడిది పొడి, పిల్లోళ్ళ డైపర్లు పేపర్లో చుట్టి. కలిపి ఇస్తే మేం చేత్తో ఏరాల" అంది. రెండు డబ్బాలు, ఒక సంచి అని 2015లోనే హైకోర్టు చెప్పింది, మేం ఫ్రిజ్ మీద స్టిక్కర్ అంటించుకుని మర్చిపోయాం.

ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. ఆ శనివారం పొద్దున్న ఆటో పాట వినిపించగానే అందరం డబ్బాలు పట్టుకుని గేట్ల దగ్గర నిలబడ్డాం, పరీక్ష పేపర్ చూపించే పిల్లల్లాగా. ఆయమ్మ ప్రతి డబ్బా మూత తీసి లోపలికి చూసి, తల ఊపి, ఆటోలో కుమ్మరించి ముందుకు పోయింది. నాలుగిళ్ళు తప్ప అందరం పాసయ్యాం. ఆ నాలుగిళ్ళలో ఒకటి మాది, టీపొడి ప్లాస్టిక్ కవర్‌తో సహా తడి డబ్బాలో ఉంది, మా ఆవిడ నా వైపు చూసిన చూపు చెప్పను. ఆయమ్మ ఆ కవర్ తీసి విదిలించి పొడి సంచిలో వేసి, గ్లౌజు విప్పి చెయ్యి తుడుచుకుంటూ అంది, "రేపట్నుంచి కూడా ఇట్లే ఇయ్యండి సామీ, రేపు వచ్చేది మా కోడలు."